సందూఖ్‌లో నిద్రపోతున్న నోట్లు



రంజాన్ దగ్గరపడుతోందంటే మన ఇళ్లలో జకాత్ హిసాబ్ మొదలవుతుంది. బంగారం ఎన్ని తులాలు, బ్యాంకులో ఎంత ఉంది, బంధువులకిచ్చిన ఖర్జ్ తిరిగొస్తుందా రాదా, దుకాణంలో మాల్ ఎంత – అన్నీ కాగితం మీద వేసుకుంటాం. ఒక్క చోట మాత్రం ఎవరూ చెయ్యి పెట్టరు. అల్మారీ పైఅరలో పాత పాస్‌పోర్టుల మధ్య, రబ్బరు బ్యాండు వేసి పెట్టిన పరదేశీ నోట్లుంటాయి. హజ్ నుంచి మిగిలిన రియాల్, అబ్బా మస్కట్‌లో ఉన్నప్పటి నోట్లు, అమెరికా నుంచి వచ్చిన భాంజా ఈద్‌కి అందరికీ పంచిన డాలర్లు. వీటిని డబ్బుగా ఎవరూ లెక్కపెట్టరు. యాద్‌గార్ అంటారు.

నేనడిగేది ఒక్కటే. ఈ రంజాన్ నుంచి ఆ కట్ట కూడా జకాత్ కాగితం మీదికి రావాలి. జకాత్ ఎలాగూ వాజిబ్ కాబట్టి మాత్రమే చెప్పడం లేదు. ఏడాదికొకసారి ఆ కట్ట విప్పి చూస్తే తప్ప అందులో ఏ నోటు బతికుందో, ఏది చచ్చిపోయిందో మనకు తెలిసే దారి లేదు. సంసారంలో మిగిలిన పనులన్నీ మర్చిపోతామేమో గాని రంజాన్‌ని మర్చిపోం కదా.

నోటు చచ్చిపోవడమేంటి అంటారా? కువైట్ సంగతి చూడండి. అక్కడి సెంట్రల్ బ్యాంక్ 2014లో కొత్త నోట్లు తెచ్చింది. 1994 నుంచి నడిచిన పాత నోట్లు 2015 అక్టోబర్ 1 నుంచి బజారులో చెల్లలేదు. అయితే సెంట్రల్ బ్యాంక్ కౌంటర్‌లో మార్చుకోడానికి 2025 ఏప్రిల్ 18 దాకా గడువిచ్చారు. పదేళ్ల మోహ్లత్ అంటే తక్కువేం కాదు. కానీ ఆ మోహ్లత్ కువైట్‌లో ఉన్నవాళ్లకి. జగిత్యాలలోనో రాయచోటిలోనో సందూఖ్ మూత కింద ఉన్న నోటుకి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

మా ఖాలాకి జరిగింది అదే. ఖాలూ మరహూమ్ పద్దెనిమిదేళ్లు కువైట్‌లో డ్రైవర్‌గా చేశారు. ఆఖరిసారి వచ్చినప్పుడు వంద దినార్లు ఖాలా చేతిలో పెట్టి, కష్టమొస్తే తియ్యి, లేకపోతే ముట్టుకోకు అన్నారట. ఆయన పోయారు. ఖాలా పిల్లల పెళ్లిళ్లు చేసింది, ఇల్లు రిపేరు చేయించింది, ఆ నోట్లు మాత్రం ముట్టుకోలేదు. పోయినేడాది మే నెలలో మోకాలి ఆపరేషన్ మాట వచ్చాక తీసింది. నేనే వెంట వెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు నోట్లను తిప్పి చూసి, 'అమ్మా, ఇవి బంద్ అయిపోయినయ్' అని మెల్లగా వెనక్కి జరిపాడు. దినార్ అప్పట్లో 270 రూపాయల పైనే ఉంది కాబట్టి ఇరవైఏడు వేలకి తక్కువ కాదు. గడువు దాటి నెల రోజులే అయింది. ఖాలా ఏమీ అనలేదు. నోట్లను మళ్లీ రుమాల్‌లో కట్టుకుని, 'ఆయన ఇచ్చినవే కదా, ఉండనీ' అంది. ఆ నెల రోజులు నన్ను ఇప్పటికీ పీకుతున్నాయి. అంతకు రెండు నెలల ముందే రంజాన్ వచ్చి వెళ్లింది మరి.

కువైట్ నోట్లతో మనవాళ్లు దెబ్బ తినడం ఇది మొదటిసారి కూడా కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక లక్షన్నర పైచిలుకు హిందుస్తానీలు అమ్మాన్ మీదుగా విమానాల్లో తిరిగొచ్చారు. అందులో మన కడప, గోదావరి జిల్లాల వాళ్లు ఎంతోమంది. కట్టుబట్టలతో, జేబులో కాసిని దినార్లతో దిగారు. ఇరాకీలు బ్యాంకు ఖజానా నుంచే నోట్లు దోచుకుపోయారు గనుక, ముల్క్ విడుదలయ్యాక 1991 మార్చిలో కువైట్ కొత్త నోట్లు తెచ్చి, పాతవాటిని కొద్ది నెలల్లోనే రద్దు చేసింది. దొంగలు లాభపడకూడదని చేసిన పని, అందులో తప్పు పట్టేదేం లేదు. కానీ ఊళ్లో కూర్చుని మళ్లీ వీసా కోసం ఎదురుచూస్తున్న కూలీ జేబులో నోటు కూడా దొంగ జేబులో నోటుతో పాటే పోయింది.

మిగతా ఖలీజ్ ముల్కులు కూడా ఒక్కొక్కటిగా నోట్లు మారుస్తున్నాయి. ఖతర్‌లో 2020 డిసెంబర్‌లో కొత్త రియాళ్లు వచ్చాయి, పాతవి 2021 డిసెంబర్ 31తో బజారులో ఆగిపోయాయి. ఇప్పుడు వాటికి అక్కడి సెంట్రల్ బ్యాంకే దిక్కు. ఒమాన్ 2024 జనవరిలో ప్రకటన చేసి, 2020కి ముందటి పాత నోట్లు చాలావాటికి ఆ ఏడాది డిసెంబర్ 31 వరకే గడువిచ్చింది. మీ ఇంట్లో మస్కట్ నోట్లుంటే ఈ పేరా చదవడం ఆపి ముందు వెళ్లి చూడండి. ఎమిరేట్స్ సంగతి కాస్త నయం. 2021 డిసెంబర్ నుంచి ప్లాస్టిక్ లాంటి పాలిమర్ దిర్హమ్‌లు వస్తున్నా పాత కాగితం నోట్లు వాటితోపాటే నడుస్తున్నాయి. సౌదీ కూడా 2016 చివర్లో కొత్త నోట్లు తెచ్చినప్పుడు పాతవి చెల్లుతాయనే చెప్పింది.

సౌదీ నోట్లను మనవాళ్లు ఎందుకు దాస్తారో నాకు బాగా అర్థమవుతుంది. అయిదొందల రియాల్ నోటు మీద కాబతుల్లాహ్, వంద నోటు మీద మస్జిదె నబవి, యాభై నోటు మీద బైతుల్ ముఖద్దస్. మా నానీ వంద రియాల్ నోటుని కళ్లకద్దుకుని పెట్టెలో పెట్టేది. ఆ ముహబ్బత్‌ని నేను తక్కువ చేయడం లేదు. కానీ తస్వీర్ కోసమైతే ఒక్క నోటు చాలదా? పన్నెండు వందల రియాళ్లు పదేళ్లపాటు పెట్టెలో ఉంచి, అదే ఇంట్లో పిల్లాడి ఫీజుకి వడ్డీకి అప్పు తెచ్చిన కుటుంబం నాకు తెలుసు. రిబా తెచ్చుకుని తబర్రుక్ దాచుకోవడం ఏ హిసాబో నాకైతే అంతుబట్టలేదు.

చట్టం కూడా దాచుకోమనదు. విదేశం నుంచి తిరిగొచ్చిన మనిషి ఖర్చు కాని పరదేశీ నోట్లను 180 రోజుల్లో బ్యాంకుకో లైసెన్సున్న మనీ ఛేంజర్‌కో అమ్మెయ్యాలి. రెండు వేల డాలర్ల విలువ దాకా మాత్రం దగ్గర ఉంచుకోవచ్చు. మన మొహల్లాల్లో ఇంకో రివాజ్ ఉంది – ఉమ్రాకి పోతున్న పక్కింటి ఆపాకి మన దగ్గర మిగిలిన రియాల్ ఇచ్చి రూపాయలు తీసుకోవడం. మంచి నియ్యత్‌తోనే చేస్తారు, నేనేం పాపమనడం లేదు. అయితే విదేశీ డబ్బు కొనడం అమ్మడం లైసెన్సున్న వాళ్ల దగ్గరే జరగాలని ఫెమా చట్టం. నలభై రియాల్ కోసం ఎవరూ తలుపు తట్టరు గానీ, నాలుగు వేల రియాల్ అయితే రసీదు లేకుండా ఎందుకు ముట్టుకోవాలి?

రసీదు మాట వచ్చింది కాబట్టి హజ్ సంగతి. ఒకప్పుడు హజ్ కమిటీ ద్వారా వెళ్లే ప్రతి హాజీకి విమానం ఎక్కేచోట 2,100 రియాల్ చేతికిచ్చేవాళ్లు. కట్టిన డబ్బులోంచే ఇచ్చేవాళ్లనుకోండి, కానీ ముసలి హాజీకి బేఫికర్. 2023లో ఆ పద్ధతి తీసేసి, ఎవరి రియాల్ వాళ్లు తెచ్చుకోవాలన్నారు. కొందరికి ఇది ఆజాదీ. పిల్లలు కార్డులు చేయించి పంపారు, రేటు చూసి కొనిచ్చారు. జన్మలో మొదటిసారి విమానం ఎక్కుతున్న దర్జీకి, బీడీలు చుట్టిన అమ్మీజాన్‌కి మాత్రం ఇది కొత్త తల్నొప్పి. నాంపల్లి హజ్ హౌస్‌లోనైనా, జిల్లాల తర్బియత్ క్యాంపుల్లోనైనా ఇహ్రామ్ ఎలా కట్టాలో, తవాఫ్ ఎలా చేయాలో చెబుతారు, చాలా అవసరం. ఒక్క అరగంట నోటు గురించి కూడా చెప్పమని నా దర్ఖాస్తు. నిజమైన అయిదొందల రియాల్ నోటు చేతికిచ్చి చూపించండి. హాజీలకు ఏ రంగు నోటు ఏదో తెలియక టాక్సీవాడికి యాభై బదులు అయిదొందలు ఇచ్చిన కథలు ప్రతి కాఫిలాలోనూ వింటాం.

రేటు చూసుకోవడం పెద్ద ఇల్మేమీ కాదు. సౌదీ రియాల్ 1986 నుంచి డాలర్‌కి 3.75 దగ్గరే కట్టేసి ఉంది. కాబట్టి డాలర్ రేటుని 3.75తో భాగిస్తే అసలు రియాల్ రేటు వచ్చేస్తుంది. డాలర్ 86 రూపాయలు ఉందనుకోండి, రియాల్ 22 రూపాయల 93 పైసలు. కౌంటర్‌వాడు కొంత లాభం వేసుకుంటాడు, అది అతని రిజ్క్. అయితే 24 రూపాయల 20 పైసలు అడిగితే, భార్యాభర్తలిద్దరికి మూడు వేల రియాల్ మీద 3,810 రూపాయలు ఎక్కువ పెడుతున్నారన్నమాట. ఆ డబ్బుతో మదీనా నుంచి ఖజూర్లు తెచ్చి సగం గల్లీకి పంచొచ్చు. ఎయిర్‌పోర్టు కౌంటర్ చివరి గత్యంతరం అనుకోండి, నాలుగు రోజుల ముందే ఊళ్లో రెండు మూడు చోట్ల అడగండి. యాభై వేల రూపాయల దాకానే నగదు తీసుకుంటారు, ఆపైన చెక్కో ఆన్‌లైనో. కార్డు వాడేవాళ్లకి ఒక్క మాట: అక్కడి మిషన్ రూపాయల్లో కట్టమంటారా రియాల్‌లో కట్టమంటారా అని అడుగుతుంది. మన రూపాయి కనిపించగానే దిల్ ఖుష్ అయి దాన్నే నొక్కుతాం. రియాల్ నొక్కండి. రూపాయి నొక్కితే రేటు వాళ్ల ఇష్టం.

మరో రివాజ్ నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. కొందరు టూర్ ఏజెంట్లు, 'రూపాయలు ఇప్పుడే ఇచ్చెయ్యండి హజ్రత్, రియాల్ మక్కాలో మా మనిషి ఇస్తాడు' అంటారు. రసీదు ఉండదు, జుబాన్ ఒక్కటే. చట్టం దృష్టిలో అది హవాలా వాసన వేస్తుంది. దీన్ వైపు నుంచి కూడా అడగాల్సిన సవాల్ ఉంది. డబ్బుకి డబ్బు మార్చుకోవడాన్ని ఫుఖహా బైఅ్-ఎ-సర్ఫ్ అన్నారు. సర్రాఫ్ అనే మాట అక్కడిదే, మన తెలుగు షరాబు కూడా దాని బిడ్డే. సర్ఫ్‌లో జిన్స్ వేరైతే, అంటే రూపాయికి రియాల్ అయితే, రేటు ఎంతైనా పెట్టుకోవచ్చు గానీ లావాదేవీ చేతికి చెయ్యి, అదే మజ్లిస్‌లో జరగాలన్నది అసలు ఉసూల్. కాగితం నోట్లకి ఇది ఎంతవరకు వర్తిస్తుందనే విషయంలో ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది, కొందరు కొన్ని షరతులతో సడలింపు ఇచ్చారు. నేను ముఫ్తీని కాను, మీ ముఫ్తీ సాహెబ్‌ని అడగండి. కానీ అడగండి. ఇహ్రామ్‌కి కుట్టు ఉండొచ్చా అని అంత శ్రద్ధగా అడిగే మనం, ఆ సఫర్‌కి తీసుకెళ్లే డబ్బు ఎలా చేతికొచ్చిందో అడగకపోతే ఎలా?

ఇక మన రూపాయి కథ. గడువు పెట్టిన హుకూమత్ ఏదైనా, చివరి వరసలో నిలబడేది ఖలీజ్ కూలీయే అని 2016 నవంబర్ మనకు మళ్లీ చూపించింది. పాత అయిదొందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. ఆ సమయంలో పరదేశంలో ఉన్న హిందుస్తానీలకి తరవాత మార్చుకునే వీలు ఇచ్చారు – ఇక్కడి నివాసులుగా లెక్కకొచ్చేవాళ్లకి 2017 మార్చి 31 దాకా, ఎన్నారైలకి జూన్ 30 దాకా. వినడానికి బాగుంది. కానీ ఎక్కడ? ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై, నాగపూర్ రిజర్వ్ బ్యాంక్ ఆఫీసుల్లో మాత్రమే. సైఫాబాద్‌లో అంత పెద్ద రిజర్వ్ బ్యాంక్ ఉండగా హైదరాబాద్ ఆ జాబితాలో లేదు. ఎన్నారైకి పరిమితి ఇరవైఅయిదు వేలు, అదీ విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర నోట్లు చూపించి ముద్ర వేయించుకుంటేనే. రెండేళ్లకొకసారి నెల రోజుల చుట్టీ దొరికే నిజామాబాద్ కుర్రాడు, అందులో రెండు రోజులు నాగపూర్ వరసలో నిలబడి, రైలు ఛార్జీలు పోను ఎంత మిగుల్చుకోవాలి? చాలామంది వెళ్లలేదు. వాళ్ల అర్బాబ్ పాస్‌పోర్ట్ ఇచ్చి పంపే దాకా గడువు ఆగదు కదా.

ఆ నోట్లు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో బయటపడుతుంటాయి. దాదీ చీరల మడతల్లోంచి, బియ్యం డబ్బా అడుగునుంచి. వాటిని ఏ బ్యాంకూ తీసుకోదు. 2017లో వచ్చిన చట్టం ప్రకారం పదికి మించి దగ్గర ఉంచుకోవడం జుర్మ్, జుర్మానా కనీసం పది వేలు. పాత నోట్లు కమిషన్ మీద మార్పిస్తామని ఫోన్ చేసేవాళ్లు పచ్చి మోసగాళ్లు. ఆ ఫోన్ పెట్టెయ్యండి.

రెండు వేల నోటు వేరే సంగతి, ఈ రెండిటినీ కలిపేసుకుని భయపడేవాళ్లు చాలామంది. దాన్ని రిజర్వ్ బ్యాంక్ 2023 మే 19న చలామణి నుంచి వెనక్కి తీసుకుంది, రద్దు చేయలేదు. మామూలు బ్యాంకుల్లో గడువు ఆ ఏడాది అక్టోబర్ 7తో అయిపోయింది. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ 19 ఆఫీసుల్లో తీసుకునే ఏర్పాటు చేశారు. ఈసారి హైదరాబాద్ ఉంది, అల్‌హమ్దులిల్లాహ్. అక్కడిదాకా రాలేనివాళ్లు పోస్టాఫీసు నుంచి పంపితే బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2016లో కూలీకి ఈ పోస్టాఫీసు దారి ఎందుకు దొరకలేదన్నది నా ఫిర్యాదు. ఏడేళ్లలో నేర్చుకున్నారు, మంచిదే. ఖలీజ్ సెంట్రల్ బ్యాంకులు కూడా మన రాయబార కార్యాలయాల ద్వారానో, ఇక్కడి బ్యాంకుల ద్వారానో పాత నోట్లు తీసుకునే దారి పెడితే ఎంత బాగుంటుంది! లక్షల మంది పరాయి కూలీలతో ఊళ్లు కట్టించుకున్న ముల్కులకి ఆ కూలీల బేవాల చేతిలో నోటు ఎక్కడుందో తెలియదా? మన ప్రభుత్వమైనా ఆ మాట అడగాలి. తెలంగాణ, ఆంధ్ర ఎంపీలు ఖలీజ్ శవపేటికల గురించి, జైళ్ల గురించి అప్పుడప్పుడు సభలో లేవనెత్తుతారు. ఈ చిన్న మాట కూడా కలపమని అడుగుదాం.

డాలర్, పౌండ్ ఉన్నవాళ్లు కూడా ఉన్నారు ఇప్పుడు మన ఖాందాన్‌లలో, మాషా అల్లాహ్. అమెరికా తన నోటు ఏదీ రద్దు చేయదు, ఎంత పాతదైనా అక్కడ చెల్లుతుంది. కానీ చాలా దేశాల సర్రాఫ్‌లు చిన్న తల బొమ్మ ఉన్న పాత వంద డాలర్ల నోటు చూస్తే మొహం తిప్పుకుంటారు, లేదా రేటు కోస్తారు. మడత, సిరా మరక ఉన్నా అంతే. పౌండ్ల కాగితం ఇరవై, యాభై నోట్లు 2022 సెప్టెంబర్ 30తో బజారులో ఆగిపోయాయి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మాత్రం ఎప్పటికైనా మార్చి ఇస్తుంది. లండన్‌లో చదువుతున్న పిల్లలుంటే ఈసారి వచ్చినప్పుడు వాళ్ల చేతికి అప్పగించండి.

దాచిన నోటుకి కూడా ఒకరోజు ధర వస్తుంది అని వాదించేవాళ్లు ఒక ఉదాహరణ చూపిస్తారు, అది నిజమే కూడా. ఒకప్పుడు ఖలీజ్ అంతా మన రూపాయే నడిచేది. బంగారం స్మగ్లింగ్‌లో రూపాయలు అటు పోతున్నాయని 1959లో రిజర్వ్ బ్యాంక్ ఖలీజ్ కోసం వేరే నోట్లు, హాజీల కోసం హెచ్.ఏ. అనే అక్షరాలతో పది, వంద రూపాయల హజ్ నోట్లు వేసింది. ఇవాళ ఆ హజ్ నోటు వేలంలో లక్షలు పలుకుతుంది. కానీ ఆలోచించండి, ఆ రోజుల్లో వెళ్లిన హాజీలందరూ వాటిని ఖర్చు పెట్టేశారు కాబట్టే మిగిలిన నాలుగిటికి ఆ ధర. మన హైదరాబాద్ హాలీ సిక్కా కూడా అంతే. ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దార్ చొప్పున మార్చుకోమన్నప్పుడు మార్చుకున్నవాళ్లు భూమి కొన్నారు, ఇల్లు కట్టారు. మార్చుకోనివాళ్ల మనవళ్లు చార్మినార్ దగ్గర ఆ సిక్కాలు పట్టుకుని దుకాణం దుకాణం తిరుగుతున్నారు.

మీరాస్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఇంటి పెద్ద పోయాక ఆ నోట్ల కట్ట యాద్‌గార్ పేరుతో ఒకరి దగ్గరే ఉండిపోతుంది. కానీ చెల్లే నోటు తర్కాలో భాగం. అందులో కూతుళ్ల హిస్సా ఉంది, బేవా ఎనిమిదో వంతు ఉంది. చెల్లని నోటైతే ఎవరి దగ్గరైనా ఉండనివ్వండి, దానికి జకాతూ లేదు, పేచీ లేదు. కాబట్టి కట్ట విప్పినప్పుడు ఇంట్లోవాళ్లందరి ముందు విప్పండి. నోటుకి రెండువైపులా ఫోన్‌తో ఫోటో తీయండి, ఏ సంవత్సరందో చూడండి, ఆ ముల్క్ సెంట్రల్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఏవి చెల్లుతాయో జాబితా ఉంటుంది, ఇంట్లో కాలేజీ పిల్లకి ఆ పని అప్పగించండి. గడువున్న నోటైతే ఆ దేశంలో ఉన్న భాయ్‌జాన్‌కి కబురు చేయండి. ఇక్కడ మార్చగలిగేది లైసెన్సున్న కౌంటర్‌లో మార్చి, ఆ రసీదుని జకాత్ కాగితానికి పిన్ను గుచ్చండి. మిగిలిన చిల్లర నాణేలను ఏ సర్రాఫూ తీసుకోడు. అవి పిల్లలకిచ్చెయ్యండి, ఆడుకుంటారు.